తూర్పుకు లేవాల్సిన మనిషి

మా బాపుకు దారులు తెలియవు. ఆయన్ని చిన్నబుచ్చడానికి అంటున్న మాట కాదు ఇది. ఆయన బతికుండగా ఆయన ముందే అనేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు. శామీర్‌పేట అవతల అంగూరు తోటల్లో పనిచేసినంతకాలం ఆ లోటు బయటపడలేదు. తోటలో దారి తెలియాల్సిన అవసరమేముంది, ఒక వరస పట్టుకుని కొమ్మలు కత్తిరించుకుంటూ పోతే చివర గట్టు వస్తుంది, గట్టు మీద అన్నం గిన్నె ఉంటుంది. తరవాత తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు విల్లాలయ్యాయి, బాపు గుండ్లపోచంపల్లిలో ఒక గోదాముకు వాచ్‌మన్ అయ్యాడు. అప్పటినుంచి మొదలైంది తంటా. ఆయన గుర్తులన్నీ చెట్లు, బావులు, పందిళ్ళు. వాటి మీద గోడలు లేచాక ఆయనకు ప్రతి గేటూ ఒకేలా కనిపించేది. ఒకసారి అత్వెల్లిలో చుట్టాల పెళ్ళికని ఒంటరిగా బయల్దేరి, రోడ్డుకు అవతలి వైపు బస్సెక్కి, పేట్ బషీరాబాద్‌లో తేలాడు. పెళ్ళి భోజనాలు అయిపోయాక ఎవరో ఫోను చేసి చెబితే అమ్మ వెళ్ళి తీసుకొచ్చింది. ఇంటికొచ్చి, పెళ్ళి బాగా జరిగిందా అని ఆయనే మమ్మల్ని అడిగాడు.

మేం ముగ్గురం ఎక్కడికి వెళ్ళినా అమ్మ ముందు నడిచేది. ఆమె వెనక బాపు, బాపు వెనక నేను. మలుపు వచ్చినప్పుడల్లా అమ్మ ఆగి, వెనక్కి తిరిగి, ఇద్దరం ఉన్నామో లేదో చూసుకుని మళ్ళీ కదిలేది. మేడ్చల్ సంతలో అయినా అంతే, చర్చికి పోయే దారిలో అయినా అంతే. నేను ఉద్యోగంలో చేరాక కూడా ఆమె అలా తిరిగి చూస్తుంటే నాకు చిరాకేసేది. నేనేం తప్పిపోతానా అని కసురుకునేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

నేను పుట్టకముందే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అమ్మకు ఏదో జబ్బు చేసి మంచం పట్టినప్పుడు చర్చి ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేశారని, లేచి కూర్చున్నాక ఇద్దరూ వెళ్ళి నీళ్ళలో మునిగారని చెప్పేవారు. బాపు అన్న, అంటే మా పెద్దబాపు, ఆ విషయంలో అలిగి చాలాకాలం మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వయసు మీద పడ్డాక కోపం దానంతటదే అరిగిపోయింది. ఆయన పోచమ్మకు బోనం ఎత్తే ఇంటివాడే, మేం ఆదివారం చర్చికి పోయే ఇంటివాళ్ళమే, అన్నదమ్ములు మాత్రం సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని ఒకే చుట్ట చెరి సగం తాగేవారు. చుట్ట సంగతి అయ్యగారికి చెప్పొద్దని బాపు నన్ను బతిమాలేవాడు. మా పాస్టరు గారిని మేం అయ్యగారనే అంటాం.

అమ్మ పరలోకం గురించి మాట్లాడితే మేనమామ ఊరికి ప్రయాణం కట్టినట్టుండేది. అక్కడ కరెంటు పోదనేది. మోకాళ్ళు నొయ్యవనేది, నల్లా దగ్గర బిందె పెట్టి కాపలా కాయనక్కరలేదనేది. ప్రైవేటు బడిలో ఆయాగా పనిచేసి వచ్చి, కాళ్ళకు నూనె రాసుకుంటూ ఈ లెక్కలన్నీ చెప్పేది. నాకు నోటి దురుసు ఎక్కువ. అక్కడ కూడా అంట్లు తోమేది నువ్వేనేమో చూసుకో అనేదాన్ని. తోముత, నొప్పి లేకపోతే తోమనీకె ఏమైతది అనేది ఆమె.

నాకు నమ్మకం ఎప్పుడు పోయిందో చెప్పలేను. పెద్ద గొడవేం జరగలేదు. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేరాక ఆదివారాలు కూడా షిఫ్టులు పడేవి. చర్చికి వెళ్ళకపోయినా ఏమీ తేడా తెలియలేదు. అంతే. పాటలు మాత్రం నోటికి వచ్చు, ఇప్పటికీ వచ్చు. అమ్మ కోసం పండగలకు వెళ్ళేదాన్ని. వెళ్ళి వెనక వరసలో, ఫ్యాను కింద కూర్చునేదాన్ని.

మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. చనిపోయినవాళ్ళను తల పడమరకు, కాళ్ళు తూర్పుకు ఉండేట్టు పడుకోబెడతారు. ప్రభువు తూర్పునుంచి వస్తాడు. కడబూర మోగగానే వీళ్ళు లేచి కూర్చుంటే ముఖం సరిగ్గా ఆయనకు ఎదురుగా ఉంటుంది. ఎవరినీ అడగక్కరలేదు, వెతుక్కోనక్కరలేదు, లేచి ముందుకు నడవడమే. సమాధుల తోటలో అందరూ ఒకే వైపుకు, బస్సులో సీట్లలాగా ఉంటారు. మేం శ్మశానం అనం, సమాధుల తోట అంటాం. తోట అన్నందుకు గోడ పక్కన రెండు వేపచెట్లు ఉండేవి.

బాపు మొదటి లాక్‌డౌన్‌లో పోయాడు. ఆ జబ్బు కాదు, గుండె ఆగింది. కానీ ఆ రోజుల్లో ఎవరు నమ్మారు. గోదాము దగ్గర కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఇంటికి తెచ్చేసరికి వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. అయ్యగారు జ్వరంతో పడుకుని ఉన్నారు. సమాధుల తోటలో గుంతలు తవ్వే మనిషి లాక్‌డౌన్‌కు ముందే సొంతూరికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఎవరు తవ్వుతారు, ఎవరు మోస్తారు అని నేను ఫోన్లు చేస్తూ కూర్చుంటే, పెద్దబాపు పార భుజాన వేసుకుని, కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తోట లోపలికి అంతకుముందు ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎండలో ఇద్దరే తవ్వారు.

అమ్మకు ఆ రోజు ఒళ్ళు కాలిపోతోంది. గేటు దగ్గర ఉన్న పోలీసు ఆమెను ఆటోలోంచి దిగనివ్వలేదు. ఆమెను పట్టుకుని నేనూ ఆటోలోనే ఉండిపోయాను. లోపల జరిగింది మాకు తరవాత తెలిసిన సంగతే. అయ్యగారు ఫోనులో ప్రార్థన చేశారు. పెద్దబాపు ఆ ఫోను స్పీకరు పెట్టి, గుంత మీదికి చెయ్యి చాచి పట్టుకుని నిలబడ్డాడట. ప్రార్థన అయిపోయి, అవతల ఫోను పెట్టేశాక కూడా అలాగే పట్టుకుని ఉన్నాడట, కొడుకు చెప్పేదాకా.

తరవాత మేస్త్రీ వచ్చి మట్టి కుప్ప మీద సిమెంటు కట్టాడు, తల వైపు సిలువ నిలబెట్టాడు. బాపు పుట్టినరోజుకు వెళ్ళి పూలు పెట్టి వచ్చాం. అది తోటలో ఉత్తరం మూల, గోడను ఆనుకుని ఇరుకుగా ఉంటుంది. నాకూ అమ్మకూ కళ్ళలో నీళ్ళు. ఏది ఎటుందో చూసే స్థితి కాదు. మరుసటి ఏడు ఈస్టర్‌కు గుంపులుగా రావద్దన్నారు. ఆ పై ఏడు గానీ అందరం కలిసి వెళ్ళడం కుదరలేదు.

ఈస్టర్ ముందురోజు సమాధులకు సున్నం వేస్తారు. తెల్లవారకముందే బంతిపూలు, క్రొవ్వొత్తులు తీసుకుని వెళ్తారు. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు, తల వైపు సిలువ వెనక నిలబడి, తూర్పుకు తిరిగి పాడతారు. పాట మధ్యలో సూర్యుడు వస్తాడు. ఏడాదిలో ఆ ఒక్క పూట మాత్రం నమ్మకం లేని నాకు కూడా ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆ రోజు మేమిద్దరం బాపు సిలువ వెనక నిలబడ్డాం. పాట మొదలైంది. సూర్యుడు వచ్చాడు. ఎండ నా ముఖం మీద పడలేదు, కుడి చెంప మీద పడింది. తలెత్తి చూస్తే తోటలో జనమంతా ఒక వైపు చూస్తున్నారు, మేమిద్దరం గోడను చూస్తున్నాం. గోడ అవతల ఎవరో కట్టుకున్న కొత్త విల్లాల క్లబ్‌హౌస్ ఉంది, దాని అవతల హైవే మోత ఉంది. పక్కన అమ్మ పాట ఆగిపోయింది. ఆమె సూర్యుణ్ణి చూసింది, సిలువను చూసింది, మిగతా సమాధులను ఒక్కొక్కటిగా చూసింది.

"మీ బాపును అడ్డం పెట్టిండ్రే" అంది.

ఇంట్లో మంచం కూడా అడ్డంగానే వేసుకునేవాడు కదా అన్నాను. ఆమె నవ్వలేదు. క్రొవ్వొత్తి మైనం చేతి మీద కారుతున్నా చూసుకోలేదు. ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు మొత్తం చెప్పింది.

"అందరు లేచి అటు పోతరు. ఈయన లేచి గోడను జూస్తడు. గోడ పట్టుకొని పోతడు, రోడ్డు మీదికి పోతడు. నీకు తెల్వదా ఆయన సంగతి?"

నాకు తెలుసు. అదే వచ్చిన చిక్కు. ఇంకెవరి గురించి అన్నా నేను వాదించేదాన్ని, అడ్డంగా పెడితే మాత్రం ఏమైంది, లేచేదీ లేదు, నడిచేదీ లేదు అనేసేదాన్ని. కానీ ఆమె చెబుతుంటే నాకు నిజంగానే కనిపించింది, లుంగీ పైకి మడిచి కట్టుకుని, ఆ జనంలో ఎటు పోవాలో తెలియక, ఎవరినైనా అడుగుదామంటే మొహమాటపడుతూ నిలబడ్డ బాపు. అలా నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

అమ్మ అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కోస్తా మనిషి, మెత్తని మాట. సముద్రంలో పోయినవాళ్ళు ఉన్నారు, మంటల్లో పోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళందరినీ లేపగలిగినవాడికి మీ ఆయన ఒక లెక్కా అని చాలాసేపు ఓపిగ్గా చెప్పారు. చివరికి, "దేవుడికి దిక్కులతో పని లేదమ్మా, ఆయన పేరు పెట్టి పిలుస్తాడు" అన్నారు. అమ్మ తలూపింది, వందనాలు చెప్పింది. గేటు దాటాక నాతో అంది.

"దేవునికి పని లేదు గని, మీ బాపుకు ఉన్నది."

సమాధి తెరిచి సరిగ్గా పెట్టించమని సంఘ పెద్దలను కూడా అడిగింది. కుదరదన్నారు. తెరవాల్సిన కాలం కాలేదన్నారు, అక్కడ తూర్పు పడమరలుగా తవ్వడానికి జాగా కూడా లేదన్నారు. వాళ్ళన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆమెకు ఆ రోజునుంచి కునుకు పోయింది. ప్రార్థనలో మునుపు ఉద్యోగం అనీ పెళ్ళి అనీ నా గురించి అడిగేది. ఇప్పుడు అవన్నీ పోయి ఒకటే మిగిలింది, ప్రభువా ఆయనను కేకేసినప్పుడు రెండుసార్లు కేకెయ్యి అని. ఆమె పరలోకంలో కరెంటు, నల్లా, మోకాళ్ళు అన్నీ సర్దుకున్నాయి, మనిషి ఒక్కడే తప్పిపోయాడు. ఆయన లేకుండా అక్కడికి పోయి నేనేం జేయాలె అని ఒకరోజు గిన్నెలు సర్దుతూ తనలో తాను అనుకోవడం విన్నాను. ఇన్నేళ్ళలో ఆమె నోట పరలోకం గురించి చేదు మాట వినడం అదే మొదలు.

ఈ సంగతి పెద్దబాపు చెవిన పడింది. ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం వచ్చి లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మాతో కాదు, వీధితో చెబుతున్నట్టు చెప్పాడు.

"మా తాతను గట్లనే పెట్టినం. మా నాయినను నేనే గట్ల పెట్టిన. తల దక్షిణం, కాళ్ళు ఉత్తరం. తమ్మునికి గూడ మంచిగనే జేసిన్ననుకున్న."

మా ఊళ్ళలో మట్టి పెట్టేవాళ్ళు పెట్టే తీరు అదే. ఆయన తమ్ముణ్ణి తమ తాతముత్తాతల వరసలో పడుకోబెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు. గుంత సరిపోతుందో లేదోనని తనే ముందు అందులో పడుకుని చూశాడని ఆయన కొడుకు తరవాత చెప్పాడు. అమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, ఆయన ముఖం చూడకుండా, "బావ, ఆ పొద్దు మీరు గుంతల దిగకపోతే ఎవలు దిగుతుండె" అంది. పెద్దబాపు చాయ్ చల్లారేదాకా ఏడ్చాడు. ఆ తరవాత ఆయన మా ఇంటికి రావడం తగ్గించేశాడు. అరుగు ఖాళీగా ఉండేది.

మా వెనకింటి ముస్లిం ఆవిడ అమ్మకు బాగా దోస్తు. అమ్మ ఆమెను ఆపా అనేది. వాళ్ళది మేకల వ్యాపారం. ఆమె దగ్గర అమ్మ ఈ బాధ చెప్పుకుంటే, మా దాంట్ల మనిషిని పండవెట్టినంక ముఖం కిబ్లా దిక్కు, మక్కా దిక్కు తిప్పుతం, ముఖం తిరిగితే ఇగ పరేషాన్ లేదు అందట. ఆ మాట అమ్మ మనసులో పడిపోయిందని నాకు అప్పుడు తెలియలేదు.

తరవాతి ఏళ్ళలో రెండు జరిగాయి. అమ్మ షుగరు కిడ్నీల దాకా పోయింది. సమాధుల తోట నిండిపోయింది. చుట్టూ కాలనీలు లేచాక గోడ అవతలికి జరిగే వీలు లేదు. ఇకనుంచి కొత్త గుంతలు లేవని ఒక ఆదివారం చర్చిలో చెప్పారు. ఇంటివాళ్ళ సమాధి ఉన్నవాళ్ళు దాన్నే తెరిచి, పైన ఇంకొకరిని పెట్టుకోవచ్చు. అది ఒక్కసారే. మిగతావాళ్ళకు హైవే మీద చాలా దూరం పోతే వచ్చే ఒక గుట్ట కింద కొత్త స్థలం తీసుకున్నారు. అక్కడ మెషీను పెట్టి గుంతలన్నీ వరసగా తూర్పుకే తవ్విస్తారట, తప్పు జరిగే మాటే లేదట.

చెప్పాల్సింది ఆమే. కొత్త స్థలంలో అయితే తూర్పుకు, ప్రభువుకు ఎదురుగా లేస్తుంది, కానీ ఒంటరిగా. బాపు దగ్గర అయితే ఆయనతోపాటు గోడ వైపుకు. ఈ మాట ఆమెను అడగాల్సినదాన్ని నేను. డయాలిసిస్‌కు తీసుకెళ్ళి గంటలకొద్దీ పక్కన కూర్చునేదాన్ని, అడగకుండానే తిరిగి తీసుకొచ్చేదాన్ని. అంత గాభరా పడ్డ మనిషి కదా, కొత్త స్థలమే అంటుందని నేను అనుకున్నాను. అలా అంటుందేమోనని నాకు బాపు తరఫున కోపం కూడా వచ్చేది.

ఒక పొద్దున జడ వేస్తున్నాను. జుట్టు పిడికిట్లోకి కూడా రావడం లేదు. ఆమే ఎత్తింది మాట.

"నన్ను మీ బాపు గుంతల్నే పెట్టు."

అది ఉత్తరం గుంత కదమ్మా అన్నాను.

"ఎరికే. నేను మీద ఉంట గదా. మీదున్నదే ముందుగాల లేస్తది. నేను లేచి, ఆయనను లేపి, తూర్పు దిక్కు తోలుకపోత. ఆయనకు తొవ్వ తెల్వదు గని, నా ఎనక నడుసుడు తెలుసు."

ఆమె ముందుకు చూస్తూనే చెబుతోంది, ముఖం మాత్రం కుడి పక్కకు వాల్చమని, గుంతలో కుడి పక్క తూర్పు అవుతుందని, తల కింద ఎడమ పక్కన బట్ట ఏదైనా మడిచి పెడితే వాలి ఉంటుందని. ఎన్నాళ్ళనుంచి కూర్చి పెట్టుకుందో. ప్రయాణానికి ముందు సంచి సర్దినట్టు అంతా సర్దుకుంది. ఆ పొద్దున ఆమె గొంతులో మునుపటి ధైర్యం విన్నాను. అది విని నాకు సంతోషం కలగలేదు. ఎవరో నన్ను వాకిట్లో నిలబెట్టి తలుపు వేసినట్టనిపించింది.

"నువ్వొస్తవు గదా?" అంది కాసేపటికి.

బజారుకు వస్తావా అంటే చెప్పినట్టు, వస్తా అన్నాను. జడకు రబ్బరు వేశాను.

వానాకాలం మధ్యలో పోయింది. ఆస్పత్రినుంచి తెచ్చాక చర్చి ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించారు, తెల్ల చీర కట్టారు. అందరూ ప్రభువునందు నిద్రించింది, ప్రభువునందు నిద్రించింది అంటూ నా తల నిమిరారు. నిద్రయితే ఈ ఏడుపులకే లేచేది, ఆమెకు గిన్నె కింద పడితే మెలకువ వచ్చేది అని లోపల పళ్ళు కొరుక్కున్నాను. పైకి చెప్పింది మాత్రం ఒకటే, ముఖం కుడికి వాల్చండి, తల కింద ఎడమ పక్కన బట్ట పెట్టండి అని. ఎందుకని ఒకామె అడిగింది. అమ్మ చెప్పింది కాబట్టి అన్నాను. ఆమె బట్ట మడిచి సర్ది పెట్టింది. ముఖం వాలింది. అలా ఒక పక్కకు తిరిగి పడుకుంటే ఎప్పటి అమ్మలాగే ఉంది.

పొద్దుననే సమాధి తెరిచారు. నేను చూడకూడదనుకుని వెళ్ళాను, వెళ్ళి చూశాను. తోటలో పనిచేసే మనిషి గుంతలోకి దిగి, దొరికినవన్నీ ఏరి, కొత్త తెల్లబట్టలో మూట కట్టి పైకి అందించాడు. పాత సమాధి తెరిస్తే చేసే పద్ధతే అది. నాకు తెలియనిది కాదు. కానీ మూట చూశాక నా ఒళ్ళు మండిపోయింది. నేను కంపెనీకి తగిలించుకుపోయే బ్యాగంత లేదు. తల ఎటు, కాళ్ళు ఎటు, ఉత్తరం ఎక్కడ, తూర్పు ఎక్కడ. ఈ మూట కోసమా ఆమె అన్నేళ్ళు నిద్ర మానింది. ఈ మూట కోసమా పెద్దబాపు మా గడపలో ఏడ్చింది. దేవుడి మీద కోపం రావాలంటే ముందు ఆయన ఉన్నాడనుకోవాలి. ఆ ఒక్క నిమిషం అనుకున్నాను.

పెట్టె దించారు. అయ్యగారు ఈసారి ఫోనులో కాదు, గొడుగు కింద నిలబడి ప్రార్థన చేశారు. సన్నగా వాన. పెద్దబాపు కర్ర పట్టుకుని వచ్చాడు, మనిషి సగమయ్యాడు. తోట మనిషి మూటను పెట్టె పక్కన ఖాళీలో పెట్టబోతుంటే, ఆగమని కర్ర కొడుక్కిచ్చి, మూట తన చేతుల్లోకి తీసుకున్నాడు. గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తమ్ముణ్ణి రెండు చేతుల్లో పట్టుకుని, ఆ గుంత తవ్విన రోజు ఎవరినీ అడగని మనిషి ఇప్పుడు నా వైపు తిరిగి అడిగాడు.

"ఏ పక్క పెట్టాలె బిడ్డా?"

అందరూ నన్నే చూశారు. ఆ జనంలో నమ్మకం లేనిదాన్ని నేనొక్కదాన్నేమో. పెట్టెలో ఆమె కుడికి, తూర్పుకు తిరిగి ఉంది. ఆమె వీపు పడమరకు ఉంది.

"ఎడమ పక్క పెట్టు పెద్దబాపు. ఆమె ఎనక" అన్నాను. "ఆమె ముందు నడుస్తది."

ఆయన వంగి, చెయ్యి ఎంత అందితే అంత లోపలికి చాచి, మూటను పెట్టెకు ఆనించి పెట్టాడు. జారకుండా ఇంత మట్టి తీసి పక్కన ఒత్తాడు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నేను ఏడ్చింది అప్పుడే. అందాకా రాలేదు.

మేస్త్రీ మళ్ళీ సిమెంటు కట్టాడు. పాత సిలువే నిలబెట్టాం, కింద ఇంకో వరస రాయించాం. పెద్దబాపు ఆ చలికాలంలో పోయాడు. ఆయన్ని వాళ్ళ పద్ధతిలో, తల దక్షిణానికి పెట్టారు. అక్కడ అది సరైనదే.

ఈ ఈస్టర్‌కు ఒక్కదాన్నే వెళ్ళాను. సున్నం నేనే వేశాను, పూలు పెట్టాను. సిలువ వెనక నిలబడితే మళ్ళీ గోడే ఎదురుగా. పాట మొదలైంది, నేనూ పాడాను. ఎండ కుడి చెంప మీదికి వచ్చింది. చుట్టూ ఎవరి వరసలో వాళ్ళు కుటుంబాలతో నిలబడి తూర్పు చూస్తున్నారు. పాట అయిపోయాక ఒకరినొకరు పలకరించుకుని, పిల్లలను వెతుక్కుని, టిఫిన్లకు వెళ్ళిపోయారు. నేను ఇంకాసేపు ఉన్నాను. ఏమీ జరగలేదు. ఏదో జరుగుతుందని ఉండలేదు, షిఫ్టుకు టైముంది కాబట్టి ఉన్నాను.

ఆ గుంతలో ఇక చోటు లేదు. నా వంతు వస్తే గుట్ట కింద కొత్త స్థలమే, మెషీను తవ్విన వరసలో, అటూ ఇటూ తెలియనివాళ్ళ మధ్య. నన్ను సరిగ్గా తూర్పుకే పెడతారు. లేచేది ఉంటే లేస్తాను, కానీ నేను బాపు కూతుర్ని, ఎటు నడవాలో నాకూ తెలియదు. వస్తా అని అమ్మకు మాటిచ్చాను. ఆమె నమ్మిందో లేదో అడగలేదు. నమ్మకం అని నేననలేను గానీ, ఒక్కటి అనుకుంటాను. వాళ్ళిద్దరూ బయల్దేరిన రోజున, మొదటి మలుపు దగ్గర ఆమె అలవాటుగా ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, ఇద్దరం ఉన్నామో లేదో చూసుకుంటుంది.